ఆ రతన్ టాటా కాదు, మొదటాయన

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుడి జీవితం గురించి రాయమని సావనీరు కమిటీ వారు అడిగితే, రతన్ టాటా గురించి రాస్తానన్నాను. అందరూ సంతోషించారు. 2024 అక్టోబరులో ఆయన పోయినప్పుడు మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజుల పాటు ఆయన ఫొటోలు తప్ప ఇంకేమీ లేవు. తీరా నేను రాయబోయేది ఆయన గురించి కాదని తెలిశాక, ఇంకో రతన్ టాటా కూడా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. జంషెడ్జీ టాటా గారి చిన్న కొడుకు. 1871 జనవరి 20న బొంబాయిలో పుట్టి, 1918 సెప్టెంబరు 5న ఇంగ్లండులో, 47 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మనందరికీ తెలిసిన రతన్ టాటాకు ఈయన తాతగారవుతారు, అదీ దత్తత వరసన.

ఈయన్నే ఎంచుకోవడానికి నాకో సొంత కారణం ఉంది. ముందు అది చెప్పేస్తాను.

నేను చార్టర్డ్ అకౌంటెంటుని. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే ప్రాక్టీసు. కొన్నేళ్ల క్రితం మన బడిలోనే నాకంటే చాలా ముందు చదివిన ఒక పెద్దాయన నా ఆఫీసుకు వచ్చారు. పిల్లలు స్థిరపడ్డారు, భార్య పోయింది, చేతిలో ఉన్నదాంట్లో కొంత ఏదైనా మంచి పనికి ఇద్దామనుకుంటున్నాను, ఎలా ఇవ్వమంటావని అడిగారు. నేను 80జీ రసీదు గురించి చెప్పాను. ఏ సంవత్సరంలో ఇస్తే పన్ను కలిసివస్తుందో లెక్క కట్టి చూపించాను. దేనికి ఇవ్వాలి, ఇచ్చాక ఏమవుతుంది అన్నది ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు. అది నా పని కాదనుకున్నాను. ఆయన తన సొంతూరి బడికి కంప్యూటర్ గది కట్టించారు. గోడమీద నల్లరాతి పలక, దానిమీద తల్లిదండ్రుల పేర్లు. ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లి భోజనం చేసి వచ్చాను. కంప్యూటర్లు నేర్పే మనిషికి జీతం ఎవరిస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నది మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. రెండేళ్లకు ఆ గదిలో విరిగిన బెంచీలు చేరాయి, తలుపుకి తాళం పడింది. పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ మాట ఆయన చెవిన పడకుండానే పోయారని నా ఆశ.

ఆ తాళం చూశాక నాకో సందేహం పట్టుకుంది. డబ్బు సంపాదించడం నేర్పే కాలేజీలున్నాయి, దాచుకోవడం నేర్పేవాళ్లున్నారు, పన్ను తగ్గించుకోవడం నేర్పడానికి నాలాంటివాళ్లం వీధికొకరం ఉన్నాం. ఇవ్వడం నేర్పేవాళ్లు ఎవరు? అలా వెతుకుతుంటే తగిలిన పేరు సర్ రతన్ టాటా.

ఆయన పుట్టేనాటికి తండ్రి ఇంకా పెద్ద ధనవంతుడేమీ కాదు. అన్న దొరాబ్జీ ఈయనకంటే 11 ఏళ్లకు పైగా పెద్ద. రతన్ బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివారు. మిల్లులు, ఉక్కు, జలవిద్యుత్తు, హోటలు, ఇవన్నీ తండ్రి కలలు. వాటిని నిలబెట్టిన కష్టంలో పెద్ద వాటా దొరాబ్జీది. రతన్ కూడా వ్యాపారంలో భాగస్వామే గానీ, ఆయన మనసు పూర్తిగా అక్కడ ఉందని నేననుకోను. ఆరోగ్యమూ అంతంతమాత్రమే.

ఇవ్వడంలో మాత్రం ఆయన ఇంట్లోనే మంచి పాఠాలు చూశారు. 1892లో జంషెడ్జీ ఒక నిధి పెట్టారు. తెలివైన విద్యార్థులు విదేశాలకు వెళ్లి పైచదువులు చదువుకోవడానికి ఆ నిధి నుంచి అప్పు ఇస్తారు. దానం కాదు, అప్పు. చదువయ్యాక సంపాదించి తిరిగి కట్టాలి, ఆ డబ్బు ఇంకో విద్యార్థికి వెళుతుంది. మొదట పార్శీలకే అనుకున్నా, రెండేళ్లు తిరక్కుండానే భారతీయులందరికీ తెరిచారు. తొలినాళ్లలో ఆ డబ్బుతో వెళ్లినవారిలో వైద్యం చదివిన స్త్రీలూ ఉన్నారు. చాలాకాలం తర్వాత కేరళలోని ఒక నిరుపేద దళిత కుటుంబం నుంచి వచ్చిన కె.ఆర్. నారాయణన్ టాటా స్కాలర్‌షిప్పుతోనే లండన్‌లో చదివి వచ్చి, చివరికి రాష్ట్రపతి అయ్యారు. మన సంఘంలో ఇచ్చిన స్కాలర్‌షిప్పు తిరిగి అడగాలా వద్దా అని ఏటా గొడవ పడుతుంటాం కదా, ఆ గొడవకు 130 ఏళ్ల వయసుందన్నమాట.

రెండో పాఠం ఇంకా పెద్దది. బెంగళూరులో ఇప్పుడున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కోసం జంషెడ్జీ సుమారు 30 లక్షల రూపాయల విలువైన ఆస్తులు ఇస్తానన్నారు. ఆ రోజుల్లో అది ఆయన సంపదలో సగం దాకా ఉంటుందని అంచనా. అంత ఇచ్చేముందు ఆయన చేసిన పని చూడండి. బుర్జోర్జీ పాద్షా అనే చదువరిని యూరప్‌కు, అమెరికాకు పంపించారు. అక్కడి విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయి, డబ్బు ఎలా తెస్తారు, పరిశోధన ఎలా చేయిస్తారు అన్నది ఏడాదికి పైగా తిరిగి చూసి రమ్మన్నారు. పాద్షా తెచ్చిన వివరాల మీదే పథకం తయారైంది. పాద్షాను ఏమని పిలవాలో అప్పట్లో పేరు లేదు. ఇవ్వాలనుకున్నవాడికి, ఎలా ఇవ్వాలో చూసి వచ్చి చెప్పిన మనిషి. నా ఆఫీసుకు వచ్చిన పెద్దాయనకు నేను కాలేకపోయింది అదే.

జంషెడ్జీ 1904లో జర్మనీలో పోయారు. సంస్థ ఇంకా కాగితాల మీదే ఉంది. కొడుకులిద్దరూ తండ్రి మాట నిలబెట్టారు. 1911లో తరగతులు మొదలయ్యాయి.

ఇక రతన్ తన చేత్తో ఇచ్చినవి. గోఖలే 1905లో పూనాలో భారత సేవక సమాజం పెట్టారు. దేశసేవకు జీవితం ఇచ్చే యువకులను చేర్చుకుని, ముందు అయిదేళ్లు శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే పనిలోకి దింపడం దాని పద్ధతి. రతన్ దానికి ఏటా 10,000 రూపాయల చొప్పున పదేళ్లు ఇస్తానని మాటిచ్చారు. ఇక్కడ నాకు నచ్చింది మొత్తం కాదు, పదేళ్లు అన్న మాట. మనమంతా ఒకేసారి ఇచ్చేసి ఫొటో దిగి ఇంటికెళ్లిపోయే రకం. నడిపేవాడికి కావలసింది వచ్చే ఏడాది కూడా జీతాలివ్వగలనన్న ధీమా.

గోఖలే ద్వారానే గాంధీజీ సంగతి ఆయనకు చేరింది. 1909 చివర్లో దక్షిణాఫ్రికా ట్రాన్స్‌వాల్‌లో సత్యాగ్రహం సాగుతోంది. జనం జైళ్లకు వెళుతున్నారు, వాళ్ల కుటుంబాలు పస్తులుంటున్నాయి, చేతిలో డబ్బు నిండుకుంది. రతన్ 25,000 రూపాయలు పంపారు. తర్వాత విడతలుగా పంపినవి కలిపితే మొత్తం 1,25,000 రూపాయలని లెక్క. దక్షిణాఫ్రికాకు కూలికి వెళ్లినవాళ్లలో మద్రాసు ఓడరేవు నుంచి ఒప్పంద కూలీలుగా ఎక్కిన తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు కాబట్టి, ఆ పోరాటానికి అందిన డబ్బు మనకు మరీ పరాయిది కాదు. ఒక అకౌంటెంటుగా నన్ను కట్టిపడేసిన సంగతి వేరే ఉంది. గాంధీజీ 1912లో రతన్ టాటాకు బహిరంగ లేఖ రాసి, డబ్బు దేనికెంత ఖర్చయిందో లెక్క అప్పజెప్పారు. అప్పటికి ఆయన ఇంకా మహాత్ముడు కాలేదు, కానీ ఆడిటు తప్పదని తెలిసిన మనిషి. మన సంఘం వార్షిక లెక్కలు మూడేళ్లుగా ఆలస్యంగా వస్తున్నాయని ఈ సందర్భంగా కోశాధికారి గారికి గుర్తు చేస్తున్నాను. ఆయన నా తమ్ముడి క్లాస్‌మేటే, ఏమనుకోరు.

రతన్‌ను మరీ ఋషిగా ఊహించుకోకండి. 1906లో లండన్ పక్కన ట్వికెన్‌హామ్‌లో ఫ్రాన్సు రాజవంశీకుడైన ఓర్లియన్స్ డ్యూక్ నుంచి యార్క్ హౌస్ అనే భవనం కొన్నారు. దివాలా తీసి ఆత్మహత్య చేసుకున్న ఒక పెద్ద వ్యాపారి ఎస్టేటు నుంచి వచ్చిన పాలరాతి జలకన్యల విగ్రహాలు తెచ్చి ఆ తోటలో పెట్టించారు. ఆ విగ్రహాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వంటిమీద బట్టలు లేవని స్థానికులు వాటికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. చిత్రాలు, పచ్చరాయి బొమ్మలు, పింగాణీ, ఆయన సేకరించనిది లేదు. ఆ సేకరణ తర్వాత బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియానికి వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ. ముంబై వెళితే చూడండి. సుఖంగా బతుకుతూనే ఇచ్చారు, అందులో నాకు తప్పేమీ కనిపించదు.

తప్పు కనిపించేది, అసలు తప్పంటే ఏమిటో ఆలోచింపజేసేది, పాటలీపుత్రం తవ్వకాల కథ. మౌర్యుల రాజధాని ఆనవాళ్ల కోసం పాట్నా దగ్గర కుమ్రహార్‌లో తవ్వడానికి సర్కారు దగ్గర డబ్బు లేదు. రతన్ ఇస్తానన్నారు, సుమారు 75,000 రూపాయలు ఇచ్చారు. 1913లో పురావస్తు శాఖ అధికారి స్పూనర్ తవ్వకం మొదలుపెట్టాడు. గొప్ప స్తంభాల మంటపం ఆనవాళ్లు బయటపడ్డాయి. అంతవరకు బాగానే ఉంది. ఆ మంటపంలో స్పూనర్‌కు పర్షియా రాజుల పెర్సిపోలిస్ కనిపించింది. అక్కడితోనూ ఆగలేదు. 1915లో రాసిన ఒక వ్యాసంలో మౌర్యులే జొరాస్ట్రియన్లన్నంత దూరం వెళ్లాడు. పండితులు ఆ వాదాన్ని చీల్చి చెండాడారు. డబ్బిచ్చినాయన పార్శీ, తవ్వినాయనకు దొరికింది పార్శీల పూర్వీకుల జాడ! రతన్ అలా రాయమన్నారని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ దాత ఎదురుగా లేకపోయినా అతని నీడ పని మీద పడుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మన బడి గోడమీది పలకల సైజు గురించి జరిగిన కమిటీ మీటింగుల్లో కూర్చున్నవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. తవ్వకం మొదలవుతున్న ఆ రోజుల్లోనే ఆయన ఇంకో చోట డబ్బు పెట్టారు. పేరూ పలకా కనిపించే పని కాదది. ఇప్పటికీ చాలా జీవిత చరిత్రలు దాన్ని ఒక వాక్యంలో తేల్చేస్తాయి.

అప్పటి ఇంగ్లండులో దానం మీద పెద్ద వాదన నడుస్తోంది. 1869లో పుట్టిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అనే సంస్థ, అడిగినవాడికల్లా చిల్లర వేస్తే పేదరికం తగ్గదు, పెరుగుతుంది, ఇంటింటికీ వెళ్లి విచారించి ఇవ్వాలి అని పట్టుబట్టేది. విచారించేవాళ్లకు శిక్షణ ఉండాలని 1903లో ఒక బడి కూడా పెట్టింది. ఆ విచారణలో పేదవాడి గుణమే తప్ప అతని కూలి ఎంతో చూడరన్నది వాళ్లమీద విమర్శ. 1909లో పేదల చట్టం మీద వేసిన కమిషన్ ఏకాభిప్రాయానికి రాలేక రెండు వేర్వేరు నివేదికలిచ్చింది. అలాంటి సమయంలో 1912లో రతన్ లండన్ విశ్వవిద్యాలయానికి ఒక ప్రతిపాదన పంపారు. పేదరికానికి కారణాలేమిటి, దాన్ని రాకుండా ఆపే మార్గాలేమిటి అన్నది శాస్త్రీయంగా పరిశోధించడానికి ఏటా 1,400 పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇస్తానన్నారు. ఆ పని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు అంబేడ్కర్ గారు చదువుకున్న చోటే. చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ వారి శిక్షణ బడి కూడా ఆ ఏడాదే అక్కడి కొత్త శాఖలో కలిసింది. దాతృత్వ సంస్థల్లో, ఆస్పత్రుల్లో, మురికివాడల్లో పనిచేయబోయేవాళ్లు ఒక విశ్వవిద్యాలయంలో కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు ఏర్పడింది. దాని వెనకున్నది బొంబాయి డబ్బు. ఇంగ్లండు నుంచి మనకు దానం రావడం అందరికీ తెలిసిన కథ, ఇది వెనక్కి నడిచిన కథ.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ శాఖలో పాఠాలు చెప్పినవాళ్లలో క్లెమెంట్ అట్లీ అనే యువకుడున్నాడు. లండన్ తూర్పు పేటల్లో కాపురముండి పనిచేసినవాడు. అవును, ఆ అట్లీయే. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి బ్రిటన్ ప్రధాని.

రతన్ టాటా పేరుతో నడిచిన ఆ పరిశోధన విభాగానికి డైరెక్టరుగా వచ్చినవాడు ఆర్.హెచ్. టానీ. పేదరికాన్ని పేదవాడి తప్పుగా కాక, పరిశ్రమలు నడిచే తీరులోంచి చూడాలన్నది ఆయన మొదటి ఉపన్యాసంలోనే తేల్చిన మాట. గొలుసులు తయారుచేసే ఆడకూలీలకు, దర్జీలకు చట్టం ప్రకారం కనీస కూలి నిర్ణయిస్తే ఏమైందో పరిశీలించి రెండు పుస్తకాలు రాశాడు. గణాంక శాస్త్రవేత్త బౌలీ తన సహచరుడితో కలిసి రెడింగ్, నార్తాంప్టన్ లాంటి పట్టణాల్లో కార్మికుల ఇళ్లు పరిశీలించి 1915లో అచ్చువేసిన పుస్తకానికీ ఈ నిధే ఆధారం. రెడింగ్‌లో అన్ని ఇళ్లూ తిరక్కుండా ఇరవై ఇళ్లకు సుమారు ఒకటి చొప్పున ఎంచి లెక్క తీశాడు. ఈనాడు మనం సర్వే అని పిలిచేదానికి అది తొలి అడుగుల్లో ఒకటి. తేలిందేమిటంటే, పేదరికానికి పెద్ద కారణం తాగుడు కాదు, సోమరితనం కాదు. రోజంతా పని చేసే మనిషికి కూడా ఇల్లు గడవనంత తక్కువ కూలి.

మిల్లు యజమాని కొడుకు ఇచ్చిన డబ్బుతో ఈ సంగతి బయటపడింది. ఇది చదివి ఆయన ఏమనుకున్నారో గానీ, గ్రాంటు మాత్రం ఆపలేదు. ఆయన పోయాక ట్రస్టు కూడా కొన్నేళ్లు కొనసాగించింది. పాటలీపుత్రంలో దాతకు నచ్చేది దొరికింది, లండన్‌లో దాతకు మింగుడుపడనిది దొరికింది. రెండిట్లో ఏ డబ్బు బాగా ఖర్చయిందో నేను వేరే రాయనక్కర్లేదు.

1916లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అప్పటికే ఆరోగ్యం పాడైంది. రెండేళ్ల తర్వాత కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ అనే సముద్రతీర పట్టణంలో పోయారు. లండన్ దగ్గర బ్రూక్‌వుడ్ శ్మశానంలో తండ్రి సమాధి పక్కనే ఆయన్నీ ఉంచారు.

పిల్లలు లేరు. ఆస్తి చాలా ఉంది. ఆ వీలునామాలో ఆయన చేసిన ఏర్పాటు చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చదువుకు, విజ్ఞానానికి, పరిశ్రమకు, కష్టంలో ఉన్నవారిని ఆదుకోవడానికి ఖర్చుపెట్టమన్నారు, అది ఎవరైనా రాస్తారు. దానితో పాటు, దేశ ప్రజల సాంఘిక, ఆర్థిక, రాజకీయ క్షేమానికి సంబంధించిన విషయాలు పరిశోధించడానికి తగిన అర్హత ఉన్న మనుషులను నియమించండి, వాళ్లచేత ఆచరణలో పెట్టగల పథకాలు తయారు చేయించండి అన్నారు. అది కూడా మూస పద్ధతిలో వద్దు, శాస్త్రం రోజురోజుకూ చూపే కొత్త వెలుగులో ఆలోచించండి అని ధర్మకర్తలకు అప్పగించారు. డబ్బిస్తూ, ఆ డబ్బు ఎలా ఇవ్వాలో ఆలోచించేవాళ్ల ఖర్చు కూడా అందులోంచే పెట్టుకోమన్న వీలునామా అది. నేను రాసిపెట్టిన వీలునామాలు వందకు తక్కువుండవు. ఒక్కదాంట్లోనూ ఆ ఒక్క పేరా లేదు.

1919లో 80 లక్షల రూపాయల మూలధనంతో సర్ రతన్ టాటా ట్రస్టు మొదలైంది. భార్య నవాజ్‌బాయి 1965లో పోయేదాకా దాన్ని చూసుకున్నారు. ఒక అనాథాశ్రమంలో పెరుగుతున్న నావల్ అనే దూరపు బంధువుల కుర్రవాడిని తెచ్చుకుని పెంచుకున్నారు. ఆ నావల్ కొడుకే మన వాట్సాప్ గ్రూపుల రతన్ టాటా. తాత పేరే మనవడికి పెట్టుకున్నారు.

అన్న దొరాబ్జీకీ పిల్లల్లేరు. ఆయన కూడా 1932లో తన యావదాస్తీ ట్రస్టుకు రాసి, ఆ ఏడాదే పోయారు. ఆ ట్రస్టు డబ్బుతో ఏం చేయాలన్నప్పుడు ఆలోచన చెప్పినవాడు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ. బొంబాయి కూలివాడల మధ్య నాగ్‌పాడాలో సేవాకేంద్రం నడుపుతూ, సేవ చేయాలన్న మనసున్నవాళ్లు బోలెడంతమంది ఉన్నా, చేయడం నేర్చుకున్నవాళ్లు లేరని ఆయన రోజూ చూస్తున్నాడు. 1936లో ఆ కేంద్రంలోనే సర్ దొరాబ్జీ టాటా పేరుతో సాంఘిక సేవలో రెండేళ్ల కోర్సు చెప్పే బడి తెరిచారు. మన దేశంలో ఆ చదువుకు అదే మొదటి బడి. తమ్ముడు లండన్‌లో వేసిన విత్తనం 24 ఏళ్ల తర్వాత అన్న డబ్బుతో బొంబాయిలో మొలిచింది. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. ఇప్పుడు హైదరాబాదులో కూడా క్యాంపస్ ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, స్వర్ణోత్సవ నిధిలోంచి ఏటా ఒక స్కాలర్‌షిప్పు ఇలాంటి చదువుకు కేటాయించాలని నేను కార్యవర్గానికి కాగితం ఇచ్చాను. మన బడిలో చదివి, లా గానీ సీఏ గానీ సోషల్ వర్క్ గానీ చేస్తున్న ఒకరికి, దాతలకు సరైన సలహా ఇవ్వడం, ట్రస్టులు నడపడం నేర్చుకోవడానికి. అమెరికాలో లాయర్లకు, అకౌంటెంట్లకు ఇందుకోసం ప్రత్యేక కోర్సే ఉంది. ఆ ఫీజుకు స్కాలర్‌షిప్పులిచ్చే దాతలూ ఉన్నారు.

కాగితానికి వ్యతిరేకత వచ్చింది, రావాలి కూడా. పదో తరగతి పిల్లకు పుస్తకాలు కొనివ్వాల్సిన డబ్బు, సలహాలిచ్చేవాడి చదువుకు పెడతామా అన్నారు మా లెక్కల మాస్టారు. ఆయన మాట నేను తేలిగ్గా తీసుకోను. ఆ నిధిలో మూడు వంతులు నేరుగా పిల్లలకే వెళ్లాలి, దానిలో మార్పు లేదు. మిగతాదాని గురించే నా మాట.

మనం చేసిన పొరపాట్లే చూడండి. డల్లాస్‌లో ఉన్న మన మిత్రుడొకరు ప్రేమగా పంపిన మొత్తాన్ని తిప్పి పంపాల్సి వచ్చింది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే చిక్కు లేదు. పౌరసత్వం మారితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది, రిజిస్ట్రేషను లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఇది ముందే చెప్పేవాళ్లు మన దగ్గర లేకపోయారు. ఇంకో సంగతి. కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు మన జిల్లాలోకి కూడా వస్తోంది. మన పల్లెల అవసరమేమిటో వాళ్ల ముందు సరిగ్గా రాసి పెట్టగల మనిషి మన పిల్లల్లోంచి ఒకరుంటే బాగుండదా మాస్టారూ?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ కాగితం ఓటుకు వస్తుంది. మొదటి ఏడాది ఖర్చు నేనే పెడతానని రాసిచ్చాను. పెద్దాయన దగ్గర అప్పట్లో తీసుకున్న ఫీజు కూడా అందులో కలిపాను. ఆ కంప్యూటర్ గది చూడాలనుకున్నవారు నాకు ఫోన్ చేయండి, నా కారులో తీసుకెళతాను. ఊరు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లే. తాళంచెవి అక్కడి హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటుంది.